జబ్బుకో డాక్టరు సరే... మనిషికి ఎవరు?

అశోక్‌నగర్ అనగానే ఇవాళ గుర్తొచ్చేది కుర్రకారు. నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ గ్రూప్స్ పుస్తకాల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు. అవే సందుల్లో ఇంకో తరం కూడా ఉంది. నలభై, యాభై ఏళ్ల కిందట ఉద్యోగాల కోసం వచ్చి చిక్కడపల్లి, నారాయణగూడ, దోమల్‌గూడల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు, ఆ ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాక అందులోనే ఒక ఫ్లాటులో సర్దుకున్నవాళ్లు. పిల్లలు కొండాపూర్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. పొద్దున ఇందిరా పార్కులో నాలుగడుగులు వేయడం, శనివారం వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లడం, సాయంత్రాలు త్యాగరాయ గానసభలో కచేరీయో నాటకమో చూడటం ఈ పెద్దల దినచర్య.

వారిలో ఒక్కొక్కరే కనిపించడం మానేస్తారు. ముందు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటడం మానుకుంటారు. తర్వాత సందు చివరి కిరాణా కొట్టు దాకానే వెళ్తారు. ఇంకొన్నాళ్లకు గుమ్మం దిగరు. ఒకరోజు బాత్‌రూమ్‌కు వెళ్లడానికి గోడ పట్టుకుంటారు. ‘వయసు మీద పడింది కదా’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. చాలాసార్లు డాక్టరు నోట వచ్చేదీ అదే మాట. రిపోర్టుల్లో షుగరు అదుపులోనే ఉంటుంది, బీపీ బాగానే ఉంటుంది, ఈసీజీలో కొత్తగా ఏమీ కనిపించదు. మనిషి మాత్రం నెలనెలా తగ్గిపోతుంటారు.

గుండెకు ఒక డాక్టరు, కిడ్నీకి ఒకరు, మోకాలికి ఒకరు, కంటికి ఇంకొకరు ఉన్న నగరం ఇది. సత్తువ సన్నగిల్లిన ముసలి మనిషిని తల నుంచి కాలి దాకా ఒక్కచోట చూసి, ‘ఈయన మళ్లీ నడవాలంటే ఏం చేయాలి’ అని ఆలోచించేవారు దొరకడమే కష్టం. వృద్ధుల వైద్యాన్ని మెరుగుపరచాలంటే ముందు పూడ్చాల్సిన లోటు ఇదే.

సత్తువ తరిగితే

అమెరికా వైద్య పరిశోధకురాలు లిండా ఫ్రీడ్ బృందం ఐదు వేల మందికి పైగా వృద్ధుల వివరాలు పరిశీలించి 2001లో సత్తువ తరుగుదలకు ఐదు గుర్తులు చెప్పింది. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండటం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలికలు తగ్గిపోవడం. వీటిలో మూడు కనిపిస్తే ఆ మనిషి కింద పడే ప్రమాదం, ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం, మంచాన పడే ప్రమాదం మిగతావారికన్నా ఎక్కువని తేలింది. ఈ ఐదింటిలో పుట్టినతేదీ లేదని గమనించాలి. ఎనభై ఐదేళ్లకూ గట్టిగా ఉన్నవారుంటారు, అరవై ఎనిమిదికే వడిలిపోయినవారుంటారు.

సత్తువ ఉన్నవారికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే వారం రోజుల మందులతో కోలుకుంటారు. అదే ఇన్‌ఫెక్షన్ సత్తువ తరిగిన మనిషికి వస్తే జ్వరం కూడా కనిపించకపోవచ్చు. ఉన్నట్టుండి మాట తడబడుతుంది. పగలూ రాత్రీ తేడా తెలియదు. ఎప్పుడో పోయిన అన్నను పేరుపెట్టి పిలుస్తారు. మతి తప్పిందని ఇంట్లోవాళ్లు దిగులుపడతారు. వైద్యులు డెలీరియం అనే ఈ స్థితి, కారణం కనిపెట్టి వెంటనే చికిత్స చేస్తే చాలావరకు తగ్గుతుంది. ‘ముసలితనంలో మామూలే’ అని వదిలేస్తే పరిస్థితి చేయిదాటిపోతుంది.

మంచం కూడా ప్రమాదమే. ఆరోగ్యంగా ఉన్న 12 మంది పెద్దవయసువారిని పది రోజులు మంచం మీదే ఉంచి చేసిన అధ్యయనం 2007లో అమెరికాలో వెలువడింది. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో దాదాపు కిలో కండ కరిగింది. ఏ జబ్బూ లేనివారికే అంత నష్టమైతే, న్యుమోనియాతో పది రోజులు వార్డులో కదలకుండా ఉన్న ఎనభై ఏళ్ల ఆవిడ తిరిగి తన కాళ్లమీద ఇంటికి వస్తుందని ఎలా ఆశిస్తాం? న్యుమోనియా తగ్గిందని డిశ్చార్జి చీటీలో రాసి ఉంటుంది. ఆవిడ నడక పోయిందన్న సంగతి అందులో ఉండదు.

దేశం మొత్తం మీద చూస్తే ఇది కొద్దిమంది గోడు కాదు. 2011 జనగణన నాటికి అరవై దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి వారి సంఖ్య 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. 2017-18లో 72 వేల మందిని పలకరించిన దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం లాసీ ప్రకారం, అరవై దాటినవారిలో ప్రతి నలుగురిలో ముగ్గురికి కనీసం ఒక దీర్ఘకాలిక జబ్బుంది. ఆ సర్వేకు అనుబంధంగా జరిగిన అధ్యయనం డిమెన్షియాతో బతుకుతున్న వృద్ధులు 88 లక్షల మంది ఉంటారని లెక్కగట్టింది.

మందుల సంచిలో దాగిన ప్రమాదం

ఈ వయసువారి ఇంట్లో మందులకు ఒక సంచి ఉంటుంది. అందులో నలుగురు డాక్టర్ల చీటీలుంటాయి. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెడతారు. కొందరికి దానివల్ల పాదాలు వాస్తాయి. వాపు తగ్గడానికి మరో డాక్టరు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర రాస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవాలి. నిద్ర పట్టడం లేదంటే అల్‌ప్రాజోలామ్ వచ్చి చేరుతుంది. ఆ మత్తులో, చీకట్లో, తడిగా ఉన్న బాత్‌రూమ్‌లో కాలు జారుతుంది. తుంటి ఎముక విరుగుతుంది. ఆసుపత్రి కాగితాల్లో ‘జారిపడ్డారు’ అని నమోదవుతుంది. ఈ వరసను మొదలుపెట్టిన మాత్ర పేరు ఎక్కడా ఉండదు.

వృద్ధులకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితాను మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లోనే తయారుచేశారు. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తోంది, 2023లోనూ సవరించింది. అందులో నిద్రమాత్రలున్నాయి. జలుబు మాత్రల్లో కనిపించే క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. షుగరుకు ఇచ్చే గ్లిబెన్‌క్లమైడ్ ఉంది. ఇవన్నీ మన మందుల షాపుల్లో తేలిగ్గా దొరికేవే.

షుగరు లెక్క కూడా ఈ వయసులో మారాలి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ నడివయసువారికి ఏడులోపు ఉండాలంటారు. అనేక జబ్బులున్న వృద్ధులకు ఎనిమిదిలోపు చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాలు చెబుతాయి. కారణం స్పష్టం. వీరికి షుగరు కాస్త ఎక్కువ ఉండటం కన్నా అర్ధరాత్రి ఒక్కసారిగా పడిపోవడం పెద్ద ముప్పు. బీపీ సంగతీ అంతే. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 పడిపోతే ఆ మనిషి లేచినప్పుడల్లా కళ్లు తిరిగి పడే అవకాశముంది. ఈ పరీక్షకు కొత్త పరికరం అక్కర్లేదు, ఐదు నిమిషాల ఓపిక చాలు. కిటకిటలాడే ఓపీల్లో కరువైంది ఆ ఐదు నిమిషాలే.

దారి ఎప్పుడో కనిపించింది

లండన్ శివారులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ మార్జరీ వారెన్‌కు 1935లో పక్కనున్న నిరుపేదల ఆసుపత్రి బాధ్యత కూడా అప్పగించారు. అక్కడ ఏడు వందల మందికి పైగా రోగులున్నారు. వారిలో చాలామంది ‘ఇక బాగుపడరు’ అని మంచాలకు వదిలేసిన ముసలివాళ్లు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించారు. ఎవరికి మందు కావాలి, ఎవరికి నడక నేర్పాలి, ఎవరి మనసు కుదుటపడాలి అని వేరుచేశారు. వార్డుకు వెలుతురు తెచ్చారు, మంచాల మీదనుంచి లేపారు. ఎంతోమంది తిరిగి ఇళ్లకు వెళ్లారు. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడానికి పునాది అక్కడే పడింది.

వారెన్ చేసిన పనే ఇవాళ సమగ్ర వృద్ధ పరీక్ష పేరుతో ప్రపంచమంతా స్థిరపడింది. డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు, పోషకాహార నిపుణులు, సామాజిక కార్యకర్త కలిసి ఒకే మనిషిని చూస్తారు. స్నానం సొంతంగా చేయగలరా, పళ్లున్నాయా, నమలగలరా, వినిపిస్తోందా, మతిమరుపు ఎంతవరకు, దిగులు ఉందా, ఇంట్లో చూసేదెవరు అని అడుగుతారు. అన్నిటికన్నా ముందు ‘మీకేం కావాలి’ అని అడుగుతారు. ఒకరికి మనవరాలి పెళ్లి దాకా నడవగలగాలి. ఇంకొకరికి గుడి మెట్లెక్కాలి. వేరొకరికి ఇక ఆసుపత్రులు వద్దు, నొప్పి లేకుండా ఇంట్లో ఉండాలి. చికిత్స ఆ జవాబును బట్టి మారాలి. తొమ్మిది దేశాల్లో 13,766 మందితో జరిగిన 29 పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2017లో క్రోడీకరించింది. ఆసుపత్రిలో చేరినప్పుడు ఇలాంటి పరీక్ష పొందిన వృద్ధులు నెలల తర్వాత కూడా సొంత ఇంట్లో ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది.

మన దేశానికీ ఇది పరాయిది కాదు. చెన్నై ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లోనే వృద్ధుల విభాగం తెరిచారు. 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో ఈ శాఖకు ఎండీ కోర్సు మొదలైంది. 2024లో చెన్నై గిండీలో 200 పడకల జాతీయ వృద్ధ వైద్య కేంద్రం తెరుచుకుంది. హైదరాబాద్‌కూ తనదైన చరిత్ర ఉంది. వృద్ధుల కోసం హెరిటేజ్ ఆసుపత్రిని నెలకొల్పి, ఇంటి దగ్గరి సేవలపై దృష్టి పెట్టిన కె.ఆర్. గంగాధరన్ అంతర్జాతీయ వృద్ధాప్య సమాఖ్యకు అధ్యక్షులయ్యారు. ఇవాళ దేశమంతటా మోగుతున్న 14567 ఎల్డర్ లైన్‌కు 2017లో నాంది పలికింది ఈ నగరమే. టాటా ట్రస్టుల అనుబంధ సంస్థ విజయవాహిని, తెలంగాణ ప్రభుత్వం కలిసి దాన్ని మొదలుపెట్టాయి.

చట్టం చెప్పిన మాట

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కొడుకు అన్నం పెట్టకపోతే ఫిర్యాదు చేసే చట్టంగానే అది అందరికీ తెలుసు. అందులోని 20వ సెక్షన్ వైద్యం గురించి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీలైనంతవరకు వృద్ధులందరికీ పడకలు, వేరే క్యూలు ఉండాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధ రోగులకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలి. వాటికి ఈ వైద్యంలో అనుభవమున్న వైద్యాధికారి నాయకత్వం వహించాలి. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ఇంకాస్త వివరంగా చెప్పింది. జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో క్లినిక్ అన్నది దాని ప్రణాళిక.

దాన్ని అమలు చేయడానికి లోయర్ ట్యాంక్ బండ్ కింద అశోక్‌నగర్, చిక్కడపల్లి లాంటి ఈ బస్తీలకు కావాల్సిన సరంజామా దాదాపు అంతా దగ్గరలోనే ఉంది. కింగ్‌కోఠీ జిల్లా ఆసుపత్రి నారాయణగూడను ఆనుకునే ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల 2018లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలోనే మొదలైంది. బస్తీ దవాఖానాలో తీసిన రక్తం అక్కడికి చేరి, ఉచితంగా పరీక్ష జరిగి ఫలితం వస్తుంది. ఆ బస్తీ దవాఖానాలు కూడా అదే ఏడాది వచ్చినవే. పెద్ద కష్టమొస్తే ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉంది. దారం లేని పూసల్లా ఇవన్నీ విడివిడిగా పడి ఉన్నాయి. బస్తీ దవాఖానా డాక్టరుకు అనుమానం వచ్చిన పెద్దాయన్ని ఏ రోజు, ఏ గదికి, ఎవరి దగ్గరకు పంపాలో తేల్చి చెప్పే ఏర్పాటు కావాలి. గాంధీలో తుంటి ఆపరేషన్ అయిన అవ్వ ఇంటికి వచ్చాక ఎవరు చూస్తారో ముందే రాసి ఉండాలి.

డబ్బు ఎటు నడిస్తే వైద్యం అటు

ప్రభుత్వాలు వృద్ధుల మీద ఖర్చు పెట్టడం లేదనడం సరికాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచింది. డెబ్బై దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ రక్షణను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అరవై ఐదు దాటినవారు కొత్తగా ఆరోగ్య బీమా తీసుకోవడానికి ఉన్న వయసు అడ్డునూ బీమా నియంత్రణ సంస్థ అదే ఏడాది తొలగించింది. ఇవన్నీ మెచ్చుకోదగ్గవి.

అయితే ఈ పథకాల డబ్బు ప్రధానంగా పడక మీద చేరాకే, ఆపరేషన్ జరిగాకే కదులుతుంది. పడకుండా ఆపిన గంటసేపు పరీక్షకు, అనవసరమైన నాలుగు మాత్రలు తీసేసిన డాక్టరుకు, ఇంటికొచ్చి రెండు నెలలు నడిపించిన ఫిజియోథెరపిస్టుకు, బాత్‌రూమ్ గోడకు బిగించిన పట్టుకునే కడ్డీకి చోటు దాదాపు లేదు. విరిగిన తుంటికి లక్షలు ఇచ్చే వ్యవస్థ, అది విరగకుండా చూసేందుకు వందలు ఇవ్వలేకపోవడం లెక్క ప్రకారం కూడా తప్పు.

ఆపరేషన్‌కు ఇచ్చే డబ్బునైనా బుద్ధిగా ఇవ్వవచ్చు. తుంటి విరిగిన వృద్ధులకు 36 గంటల్లోపు ఆపరేషన్ చేసి, ఎముకల డాక్టరుతో పాటు వృద్ధుల వైద్యుడు కూడా చూస్తేనే ఆసుపత్రికి అదనపు సొమ్ము ఇచ్చే పద్ధతిని ఇంగ్లండ్ 2010లో తెచ్చింది. అంతకు మూడేళ్ల ముందు నుంచే ప్రతి కేసునూ జాతీయ స్థాయిలో నమోదు చేయడం మొదలుపెట్టింది. తుంటి విరిగిన నెల రోజుల్లో చనిపోయేవారి శాతం 2007లో 10.9 ఉంటే, 2011 నాటికి 8.5కు తగ్గింది. కొత్త మందేదో కనిపెట్టడం వల్ల వచ్చిన మార్పు కాదిది. లెక్క రాయడం, కలిసి చూడటం, సకాలంలో చేయడం వల్ల వచ్చింది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల్లో ఇలాంటి షరతు పెట్టడానికి అడ్డేముంది?

వార్డులో చేయాల్సినవీ ఖరీదైనవి కావు. అమెరికాలో షారన్ ఇనౌయీ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో వృద్ధ రోగులకు కళ్లజోడు, వినికిడి యంత్రం దగ్గర ఉంచారు. రోజూ లేపి నడిపించారు. రాత్రి నిద్రమాత్ర బదులు వెచ్చటి పానీయం ఇచ్చారు. తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడారు. మామూలు సేవలు పొందినవారిలో 15 శాతానికి డెలీరియం వస్తే, వీరిలో 9.9 శాతానికే వచ్చింది. ఇలాంటి పనులు మన వార్డుల్లోనూ నర్సులు, అటెండెంట్లు, పక్కన కూర్చున్న కోడళ్లు, కూతుళ్లు చేయగలరు. ఎవరైనా ఒకసారి చెప్పాలి అంతే.

ఇంటి గుమ్మం దాకా

గుమ్మం దిగలేని మనిషికి ఆసుపత్రి ఎంత దగ్గరున్నా దూరమే. 2020లో చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల మీదుగా మెట్రో వచ్చింది, లిఫ్టులూ ఉన్నాయి. కానీ ఫ్లాటు నుంచి స్టేషన్ దాకా వెళ్లడానికి సాఫీగా నడిచే ఫుట్‌పాత్ కావాలి కదా. అందుకే వైద్యం ఇంటికి వెళ్లాలి.

తమిళనాడు 2021 ఆగస్టులో ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం మొదలుపెట్టింది. షుగరు, బీపీ మందులు ఇంటికే వస్తాయి. మంచాన ఉన్నవారికి ఫిజియోథెరపీ, నొప్పి నివారణ సేవలు కూడా ఇంట్లోనే అందుతాయి. కేరళలో వయోమిత్రం పథకం పట్టణాల్లోని 65 దాటినవారికి సంచార క్లినిక్‌లు నడుపుతోంది. తెలంగాణ కూడా ఈ దారిలో అడుగేసింది. రాష్ట్రంలోని పాలియేటివ్ (నొప్పి, బాధల ఉపశమన) కేంద్రాల నుంచి నర్సులున్న బృందాలు వాహనంలో రోగుల ఇళ్లకు వెళ్తున్నాయి. క్యాన్సర్ చివరి దశలో ఉన్నవారికి ఆసరాగా నిలిచిన ఆ ఏర్పాటును పక్షవాతం, డిమెన్షియా, వార్ధక్య బలహీనతతో మంచానికి అంటుకున్నవారికి పూర్తిస్థాయిలో విస్తరించాలి.

‘అంతమంది నిపుణులెక్కడున్నారు’ అన్న ప్రశ్న న్యాయమైనదే. ఈ శాఖలో శిక్షణ పొందిన వైద్యులు తక్కువే. కానీ మొదటి జల్లెడ పట్టడానికి నిపుణులు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన పద్ధతిని ఆశా కార్యకర్త నేర్చుకోవచ్చు. మూడు మాటలు చెప్పి కాసేపటికి గుర్తున్నాయా అని అడగాలి. చేతులతో ఊతం తీసుకోకుండా కుర్చీలోంచి ఐదుసార్లు 14 సెకన్లలో లేవగలరేమో చూడాలి. మూడు నెలల్లో మూడు కిలోలకు మించి బరువు తగ్గారా, ఆకలి పోయిందా అని అడగాలి. చూపు, వినికిడి కూడా చూసి, దిగులు గురించి రెండు ప్రశ్నలు వేయాలి. ఇందులో తడబడినవారినే డాక్టరు దగ్గరకు పంపితే, ఉన్న కొద్దిమంది నిపుణుల సమయం అవసరమైనవారికి దక్కుతుంది.

తడబడ్డవారికి చేయగలిగిందీ ఉంది. 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,635 మందితో అమెరికాలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, పద్ధతిగా నడక, కాళ్ల వ్యాయామం చేయించినవారిలో నడక కోల్పోయినవారు 30.1 శాతం. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారిలో 35.5 శాతం. దీనికి ఇందిరా పార్కు, నారాయణగూడ మేల్కోటే పార్కు, వారానికి మూడుసార్లు వచ్చే ఒక ఫిజియోథెరపిస్టు సరిపోతారు.

చూసుకునేవారిని కూడా చూడాలి. ఎనభై ఏళ్ల భర్తను డెబ్బై ఐదేళ్ల భార్య ఎత్తి కూర్చోబెడుతున్న ఇళ్లు ఈ బస్తీల్లో ఎన్నో. ఏజెన్సీ నుంచి పన్నెండు గంటల డ్యూటీకి వచ్చే అమ్మాయికి మనిషిని ఎలా పక్కకు తిప్పాలో, పుండ్లు పడకుండా ఎలా చూడాలో నేర్పినవారు తరచూ ఉండరు. వీరికి వారం రోజుల శిక్షణ జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వడం పెద్ద భారం కాదు.

ప్రభుత్వం చేయాల్సింది స్పష్టంగానే ఉంది. హైదరాబాద్ జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల సమగ్ర పరీక్షకు వారంలో నిర్ణీత రోజులు, బాధ్యత అప్పగించిన వైద్యాధికారి, ఫిజియోథెరపిస్టు, మందులు సమీక్షించే ఫార్మసిస్టు ఉండాలి. చుట్టుపక్కల బస్తీ దవాఖానాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు తాము గుర్తించినవారిని నేరుగా అక్కడికి పంపాలి. మంచాన ఉన్నవారి ఇంటికి బృందం వెళ్లాలి. తుంటి విరిగిన ప్రతి వృద్ధుడి వివరం, ఆపరేషన్‌కు పట్టిన గంటలు, నెల తర్వాత నడుస్తున్నారా లేదా అన్నది నమోదై ఏటా ప్రజల ముందుకు రావాలి. ఆరోగ్యశ్రీ ఈ పరీక్షకూ, ఇంటి దగ్గరి ఫిజియోథెరపీకీ డబ్బు చెల్లించాలి. లోయర్ ట్యాంక్ బండ్ చుట్టూ ఒక ఏడాది దీన్ని నడిపి చూపిస్తే మిగతా జిల్లాలకు నమూనా అవుతుంది.

కుటుంబాలు అంతవరకు ఆగనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం పొడుల నుంచి నిద్రమాత్రల దాకా, ఒకే సంచిలో వేసి ఒకే డాక్టరు ముందు పెట్టండి. ‘వీటిలో ఏవి ఆపవచ్చు’ అని అడగండి. సొంతంగా మాత్రం ఏదీ మానేయకండి. నిలబెట్టి బీపీ చూడమనండి. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ, రాత్రి దీపం పెట్టించండి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే అదే రోజు వైద్యుడికి చూపించండి. ఎటు వెళ్లాలో తోచకపోతే 14567కు ఫోన్ చేయండి.